చెప్పుకోండి చూద్దాం: టెలివిజన్‌లో సంగీత హాస్య క్విజ్

గడచిన పాఠాలలో నాటకాన్నీ సినిమానూ విమర్శకుడు ఏ కొలమానాలతో చూస్తాడో మీరు తెలుసుకున్నారు. ఈ పాఠంలో వాటికంటే తేలికగా కనిపించే ఒక రూపాన్ని తీసుకుంటున్నాం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, చేతిలో పనేమీ లేక టీవీ ముందు చేరగిలబడినప్పుడు మీరు చూసే కార్యక్రమం అది. రెండు జట్లు ఉంటాయి. పాట ముక్క ఒకటి వినిపిస్తారు. లేదా ఒకాయన మాటలు లేకుండా కూనిరాగం తీస్తాడు. అదేం పాటో చెప్పాలి. చెప్పినవాళ్ళకు మార్కులు, చెప్పలేనివాళ్ళకు ఎగతాళి, మధ్యలో యాంకర్ చమత్కారాలు. సరుకు ఇంతే.

ఇంత కొద్ది సరుకుతోనే ఈ రూపం చాలాకాలంగా, చాలా దేశాల్లో బతుకుతోంది. అమెరికాలో ‘నేమ్ దట్ ట్యూన్’ 1952లో రేడియోలో మొదలై మరుసటి ఏడాదే టెలివిజన్‌కు వచ్చింది. బ్రిటన్‌లో బీబీసీ 1967లో ‘ఫేస్ ది మ్యూజిక్’నూ, 1996లో ‘నెవర్ మైండ్ ది బజ్‌కాక్స్’నూ ప్రారంభించింది. మన దేశంలో 1993లో జీ టీవీలో అన్నూ కపూర్ నడిపిన ‘అంతాక్షరి’ ఇంటింటి ఆటను స్టూడియోలోకి తెచ్చింది. తెలుగులో స్టార్ మా ఛానెల్‌లో సుమ కనకాల నిర్వహించిన ‘స్టార్ట్ మ్యూజిక్’ ఈ కోవలోదే. దేశం మారింది, పాటలు మారాయి, ఆట మాత్రం దాదాపు అదే. ఎందుకు నిలిచింది? జనానికి పాటలంటే ఇష్టం కాబట్టి అనేది జవాబు కాదు. పాటలే ఇష్టమైతే పాటలే వినవచ్చు కదా, మధ్యలో ఈ ప్రశ్నలూ నవ్వులూ ఎందుకు?

అసలు పోటీదారు ఎవరు?

1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఆరంభించిన ‘పాడుతా తీయగా’ను ఒకసారి గుర్తుచేసుకోండి. వేదిక మీద పిల్లలు పాడతారు, పెద్దలు తప్పొప్పులు చెబుతారు, మనం వింటాం. ఆ గమకం మన గొంతులో పలకదని మనకు తెలుసు. మెచ్చుకోవడం, మహా అయితే న్యాయనిర్ణేతతో విభేదించడం, అంతవరకే మన పాత్ర. సంగీత క్విజ్‌లో అలా కాదు. పాట మొదటి వాద్య శబ్దం వినిపించగానే ఇంట్లో ఒక గొంతు లేస్తుంది. “ఒరేయ్, అది ఘంటసాల పాటరా! ఆ అమ్మాయికి తెలియదేంటి?” అని అమ్మమ్మ అంటుంది. “ఆగు అమ్మమ్మా, వాళ్ళను చెప్పనీ” అని మనవడు విసుక్కుంటాడు, తనకూ తెలియలేదన్న సంగతి బయటపడకుండా. స్టూడియోలో గంట మోగే లోపు ఇంట్లో ఒక పోటీ ముగిసిపోతుంది. ఈ రూపంలో అసలు పోటీదారులు ఇంట్లోనే ఉన్నారు. వేదిక మీదివాళ్ళు మన తరఫున ఆడుతున్న, తరచు మనకంటే ఆలస్యంగా ఆడుతున్న ప్రతినిధులు.

ఇక్కడ రెండు మాటల మధ్య తేడా గమనించాలి. గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు. పాటను గుర్తుపట్టడం చెవి పని. అది క్షణంలో అయిపోతుంది. పల్లవి, సినిమా పేరు, పాడినవారెవరో గుర్తుతెచ్చుకోవడం నాలుక పని. అది ఆలస్యమవుతుంది. తెలిసినట్టే ఉంటుంది, నాలుక చివర ఆడుతూ ఉంటుంది, బయటికి రాదు. సంగీత క్విజ్ ఈ చిన్న ఎడంలోనే జరుగుతుంది. రాజధానుల పేర్లు అడిగే మామూలు క్విజ్‌లో తెలిసినవాడికి తెలుసు, తెలియనివాడికి తెలియదు. పాట విషయంలో మాత్రం తెలియనివాడు దాదాపు ఉండడు. సగం తెలిసినవాళ్ళే అందరూ.

నవ్వు అవసరం ఇక్కడే వస్తుంది. సగం తెలిసి చెప్పలేకపోవడం బడిలో అయితే అవమానం. పరీక్షలు రాసే మీకు వేరే చెప్పనక్కరలేదు. అదే సంగతి హాస్య కార్యక్రమంలో వినోదం. చేతులు ఊపుతూ, కళ్ళు మూసుకుని, తప్పుడు పల్లవిని సరైన రాగంలో పాడేసిన పోటీదారును చూసి మనం నవ్వేది అతను మూర్ఖుడని కాదు, మనమూ ఇప్పుడే అదే స్థితిలో ఉన్నామని. తెలిసినదాన్ని మరిచిపోవడం తప్పు కాదు, పైగా సరదా అని ఒప్పించడమే ఈ కార్యక్రమాల్లోని హాస్యం చేసే పని. ఈ రూపం ఇన్నేళ్ళు నిలవడానికి మొదటి కారణం అదేనని నా అభిప్రాయం.

డెల్టా ప్రేక్షకుడికి ఇది కొత్త కాదు

కృష్ణా డెల్టాలో పాటను, ప్రశ్నను, హాస్యాన్ని ఒకే వేదిక మీద చూసే అలవాటు టెలివిజన్ కంటే చాలా పాతది. అష్టావధానాన్ని తీసుకోండి. అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరాలను నిషేధిస్తూ పోతారు. వీళ్ళందరి మధ్య అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఒకరుంటారు. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టేలా, సభను నవ్వించేలా, సందర్భంతో పనిలేని ప్రశ్నలు వేయడమే ఆయన బాధ్యత. అవధాని చమత్కారంగా బదులిచ్చి మళ్ళీ పద్యంలోకి వెళ్ళాలి. నేటి యాంకర్ చేసే పనిలో సగం ఆ అప్రస్తుత ప్రసంగికుడిదే. పోటీదారు జవాబు కోసం తడుముకుంటున్న సమయంలోనే వాళ్ళింటి వంట గురించి అడుగుతుంది. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరులో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల నుంచీ ఈ ప్రాంతానికి అవధాన సభలు పరిచయం. ఆ జంట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ పద్యాలను నటుడితోపాటు ప్రేక్షకులూ పాడడం, వన్స్‌మోర్ కొట్టడం డెల్టా ఊళ్ళలో మామూలు విషయం. అక్కడా ప్రేక్షకుడికి పద్యం ముందే తెలుసు. తెలుసు కాబట్టే వచ్చాడు.

బుర్రకథలో మరో పోలిక దొరుకుతుంది. కథకుడు మధ్యన నిలబడతాడు. వంతలు ఇద్దరిలో ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం చెబుతారు. హాస్యగాడు ఏమీ తెలియనివాడిలా అడిగిన ప్రశ్నకు జవాబుగానే కథ తరచు ముందుకు నడుస్తుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ ఆ కళను ఎంత ఎత్తుకు తీసుకువెళ్ళారో జానపద కళల పాఠంలో మీరు చదివే ఉంటారు. కథను ఆపే మనిషే కథను నడిపించడం అందులోని కిటుకు.

ఇక అంత్యాక్షరి. పెళ్ళివారి బస్సులో, కరెంటు పోయిన రాత్రి డాబా మీద ఆడుకున్న ఆట. హిందీ నుంచి వచ్చిన పద్ధతే అయినా తెలుగులో దానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. కాబట్టి చివరి అచ్చును వదిలేసి హల్లును పట్టుకోవాలి. పాట ‘ణ’తోనో ‘ళ’తోనో ఆగితే వాటితో మొదలయ్యే మాటలు లేవు. ‘న’ తీసుకోవచ్చా, ‘ల’ తీసుకోవచ్చా అని తగాదా. బహువచనాల పుణ్యమా అని ‘ల’ మాటిమాటికీ వస్తుంది, ‘ల’ పాటలు అయిపోతాయి. అప్పుడు ఎవరో ఒకరు అప్పటికప్పుడు పాట అల్లేసి, ఫలానా సినిమాలో ఉందని ఒట్టు పెట్టుకుంటారు. ఆ దొంగపాట దగ్గర పుట్టే నవ్వు ఏ సరైన జవాబు దగ్గరా పుట్టదు.

ఈ రూపాల నుంచి టీవీ కార్యక్రమం నేరుగా పుట్టిందని నేను అనడం లేదు. ‘స్టార్ట్ మ్యూజిక్’ లాంటివి ఇతర భాషల ఛానెళ్ళలోనూ అదే పేరుతో నడిచే నమూనాలు. వంశం వేరు, చూసేవాళ్ళ అలవాటు మాత్రం ఇక్కడిదే. బయటి నుంచి వచ్చిన నమూనా ఇక్కడ పరాయిదిగా అనిపించకపోవడానికి ఆ అలవాటే కారణం.

అందరి చెవిన పడ్డ పాట

ఈ ఆట ఆడాలంటే ఒక షరతు ఉంది. ఆడేవాళ్ళందరూ దాదాపు ఒకే పాటలు విని ఉండాలి. ఆ ఉమ్మడి నిధి ఎలా ఏర్పడింది? 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పనిచేసిన ఆ కేంద్రం నుంచి ‘భక్తిరంజని’ డెల్టా ఉదయాలలో భాగమైంది. తరువాత వివిధ భారతిలో ‘జనరంజని’ వచ్చింది. పాటకు ముందు కోరినవారి పేర్లు, ఊళ్ళు చదివేవారు. తమ ఊరి పేరు వినపడుతుందేమోనని చెవి ఒగ్గినవారు ఆ తరువాత వచ్చే పాటనూ విన్నారు, ఇష్టమున్నా లేకున్నా. పంచాయతీ రేడియో, పెళ్ళిపందిరి మైకు, సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకం, 1977లో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ వారి శుక్రవారం ‘చిత్రలహరి’ ఇవన్నీ కలిసి ఆ నిధిని పెంచాయి.

ఈ నిధి లక్షణం ఒకటి గమనించండి. ఇందులో చాలా భాగం మనం ఎంచుకోకుండానే మనకు వచ్చింది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల 1974లోనే కన్నుమూశారు. ఆ తరువాత పాతికేళ్ళకు పుట్టిన పిల్లలకు కూడా ఆ గొంతు తెలుసు. వాళ్ళు వెతుక్కుని వినలేదు. వంటింట్లోంచి వినపడితే చెవిన వేసుకున్నారు. అందుకే సంగీత క్విజ్ ఆకర్షణకు గతాన్ని తలచుకోవడమే కారణమనే వివరణ నాకు సగమే సరిపోతుంది. గతం లేనివాళ్ళు కూడా ఈ ఆట ఆడుతున్నారు. ఇంట్లో పని పంచుకున్నట్టుగా పాటలనూ పంచుకుంటారు. యాభైల పాటలు అమ్మమ్మవి, ఇళయరాజా అమ్మానాన్నలది, దేవిశ్రీ ప్రసాద్, తమన్ పిల్లలవి. జట్టులో అందరూ ఉంటేనే ఇల్లు గెలుస్తుంది.

ఒక రౌండు లోపల

ఇప్పుడు ఆట నిర్మాణాన్ని దగ్గరగా చూద్దాం. మంచి రౌండు అంటే పాటలో ఒక భాగాన్ని దాచి, మిగిలినదానితో పట్టుకోమనేది. ఏది దాస్తారన్నదానిలోనే హాస్యం ఉంటుంది. ‘ఫేస్ ది మ్యూజిక్’లో వ్యాఖ్యాత జోసెఫ్ కూపర్ శబ్దం రాని పియానో మెట్ల మీద ఒక కృతిని వాయించేవాడు. వేళ్ళ కదలికను బట్టి అదేమిటో చెప్పాలి. ‘బజ్‌కాక్స్’లో జట్టులోని ఇద్దరు వాద్యాలేమీ లేకుండా, నోటితోనే ఒక పాట ఆరంభ సంగీతాన్ని పలికిస్తే మూడోవారు గుర్తుపట్టాలి. గిటారు మోతను నోటితో చేసే పెద్దమనిషి ముఖం చూస్తే నవ్వు ఆగదు. కానీ ఆ నవ్వు వెనుక ఒక నిజమైన ప్రశ్న ఉంది. వాద్యం తీసేస్తే పాటలో ఏం మిగిలింది?

ఆస్ట్రేలియాలో 2005లో మొదలైన ‘స్పిక్స్ అండ్ స్పెక్స్’లో ఇంకా సొగసైన రౌండు ఉండేది. ఏ సంబంధమూ లేని ఒక పుస్తకాన్ని చేతికిస్తారు. అందులోని వాక్యాలను తెలిసిన పాట వరసలో పాడాలి. జట్టు ఆ పాటను పట్టుకోవాలి. దీనిని తెలుగులో ఊహించండి. ఎరువుల బస్తా మీది సూచనలను విషాదగీతం వరసలో పాడితే? మాట వెళ్ళిపోయి వరస మిగిలితే, పాటలో మనల్ని ఏడిపించింది మాటా వరసా అన్నది తేలిపోతుంది. సంగీత శాస్త్రం చదవనివాడికి కూడా ఈ రౌండు ఒక విశ్లేషణ పాఠమే. పేరడీ చేసేవాడికి అసలు కవిత మీద ఎంత పట్టు కావాలో సాహిత్య విమర్శ పాఠంలో చెప్పుకున్నాం. ఇక్కడా అంతే.

తెలుగు కార్యక్రమాల్లో బొమ్మలను చూపించి పల్లవిని కూర్చమనే పద్ధతి బాగా నడిచింది. ఈ పద్ధతి పాటలోని మాటలను విడివిడి పదార్థాలుగా విరగ్గొడుతుంది. ప్రేమగీతంలో కవితాత్మకంగా వినిపించిన మాట తెర మీద కూరగాయగా కనబడుతుంది. రోజూ పాడుకునే మాటకు అర్థం అప్పుడే మొదటిసారి తట్టినట్టుంటుంది.

‘స్పిక్స్ అండ్ స్పెక్స్’ చరిత్రలో మరో విషయం మన ప్రశ్నకు పనికివస్తుంది. అది 2011లో ఆగింది. 2014లో అదే పేరుతో, అవే ఆటలతో కొత్త బృందం వచ్చింది. ఆ ఏడాదితోనే ముగిసింది. తరువాత పాత వ్యాఖ్యాత ఆడమ్ హిల్స్, పాత జట్టు నాయకులు తిరిగి వచ్చాకనే మళ్ళీ నిలదొక్కుకుంది. అంటే రౌండ్ల జాబితా ఒక్కటే చాలదు. తెలియకపోయినా పరవాలేదనిపించే మనుషులు కావాలి. తెలుగులో సుమ విజయాన్ని ఇలాగే అర్థం చేసుకోవాలి. మలయాళీ కుటుంబంలో పుట్టి తెలుగును సొంతం చేసుకున్న ఆమె, పోటీదారు తడబాటును అందుకుని దానినే మాటగా మలచి తిరిగి ఇచ్చేస్తుంది. అవతలివారి నోట్లోంచి జారిన ఒక అక్షరం చాలు ఆమెకు. ఆమె బాగా చేసిన రోజున పోటీదారు ఓడినా చిన్నబోడు.

నవ్వు పక్కకు జారినప్పుడు

అన్ని రోజులూ అలా ఉండవు. చాలా భాగాలలో పాట నెమ్మదిగా సాకుగా మారిపోతుంది. అతిథి లావు, రంగు, వయసు, పెళ్ళి కాకపోవడం, పక్కన కూర్చున్న నటితో లేని సంబంధాన్ని అంటగట్టడం ఇవి సరుకవుతాయి. ప్రతి మాటకూ ఒక చప్పుడు, ప్రతి ముఖానికీ మూడుసార్లు రీప్లే. సినిమా విడుదలకు ముందు వచ్చిన బృందమైతే ప్రశ్నలన్నీ ఆ సినిమా పాటల చుట్టూ తిరుగుతాయి. నిన్న విడుదలైన పాటను గుర్తుపట్టమనడం ఆట కాదు, ప్రకటన.

మంచి నవ్వును చెడ్డ నవ్వు నుంచి వేరుచేయడానికి మీకొక పరీక్ష చెబుతాను. ఆ సన్నివేశంలోంచి పాటను తీసేసి చూడండి. నవ్వు అలాగే మిగిలితే అక్కడ పాటకు పనిలేదు. ఆ జోకు ఏ కార్యక్రమంలోనైనా వేయవచ్చు. ఒక పోటీదారు ఆవేశంగా తప్పుడు చరణం పాడినప్పటి నవ్వు పాట లేకుండా నిలవదు. అతని పొట్ట మీద వేసిన జోకు నిలుస్తుంది. మొదటిది అతనితో కలిసి నవ్వేది, రెండోది అతన్ని చూసి నవ్వేది. ఇటీవలి భాగాలలో రెండో రకం పెరగడానికి కారణం నిర్వాహకుల అభిరుచి ఒక్కటే కాకపోవచ్చు. ఇప్పుడు ఎవరి ఫోను వారిది, ఎవరి చెవిలో పాట వారిది. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు పాటలు వింటున్నారు. అందరికీ తెలిసిన పాటలు తగ్గేకొద్దీ, అందరికీ అర్థమయ్యే జోకు కోసం మనిషి శరీరం మీదికి పోవడం సులువైపోయింది.

ఎవరి పాటలు?

ఇంతవరకు ‘అందరికీ తెలిసిన పాట’ అంటూ వచ్చాను. ఈ మాటను మీరు ఇప్పుడు అనుమానించాలి. దివిసీమలోనో, కైకలూరు వైపో వరినాట్లకు వెళ్ళే ఒకామెను ఊహించండి. ఆమెకు నాట్ల పాటలు, కోతల పాటలు, పెళ్ళిలో అప్పగింతల పాట, సంక్రాంతి గొబ్బి పాటలు, బహుశా చర్చిలో పాడే కీర్తనలు తెలుసు. అన్నీ కలిపితే ఏ పోటీదారుకు తెలిసినన్ని పాటలకూ తీసిపోవు. ఆమెను ఈ వేదిక మీదికి పిలిస్తే ఆమెకు వచ్చే మార్కులు సున్నాకు దగ్గరగా ఉండవచ్చు. ఎందుకంటే ఇక్కడ పాట అంటే సినిమా పాట. అందరికీ తెలిసినదాన్ని అడుగుతున్నామని చెబుతూనే, ఏది తెలిసి ఉండాలో ఈ కార్యక్రమం నిర్ణయిస్తోంది.

ఇది పూర్తిగా చిన్నచూపు వల్ల జరిగింది కాదు. రూపంలోనే ఒక ఇబ్బంది ఉంది. క్విజ్‌కు ఒక్కటే సరైన జవాబు కావాలి. రికార్డు చేసిన సినిమా పాట ప్రతిచోటా ఒకేలా మొదలవుతుంది. దాన్ని రెండు క్షణాల ముక్కగా కోయవచ్చు. నాట్ల పాటకు అలాంటి మొదలు లేదు. ఊరికొక వరస, మడికొక మాట. పాడేవాళ్ళు పని వేగాన్ని బట్టి పొడిగిస్తారు, కుదిస్తారు. దానికి ఆల్బమ్ పేరూ ఉండదు, సంగీత దర్శకుడూ ఉండడు.

అయినా దారి లేకపోలేదు. కూచిపూడికి పక్కనే ఉన్న మువ్వ ఊరితో ముడిపడిన క్షేత్రయ్య పదాలను శ్రోతలు ‘మువ్వగోపాల’ ముద్రను బట్టి పోల్చుకుంటూ వచ్చారు. సంగీతానికి గుర్తింపు చిహ్నాలు సినిమా కంటే ముందే ఉన్నాయి. సమస్యాపూరణంలో ఒక పాదం ఇచ్చి మిగిలినవి పూరించమంటారు. జవాబులు ఎన్ని ఉంటే అంత ఆనందం. ఆకాశవాణి ‘సరసవినోదిని’కి శ్రోతలు ఉత్తరాలలో పంపిన పూరణలు ఆ పద్ధతివే. ఒకే జవాబు కాక, అనేక జవాబులు రాగల సంగీత రౌండును ఊహించడం తెలుగువాళ్ళకు కష్టం కాకూడదు. ఒక వరస వినిపించి, మీ ఊళ్ళో దీన్ని ఏ మాటలతో పాడతారు అని అడిగితే నాట్లు వేసే ఆమె కూడా గంట కొడుతుంది. అలాంటి రౌండు నేను ఏ ఛానెల్‌లోనూ చూడలేదు.

అభ్యాసం

మీకు అందుబాటులో ఉన్న సంగీత హాస్య కార్యక్రమంలో ఏదైనా ఒక భాగాన్ని, ఇంట్లో కనీసం రెండు తరాలవారితో కలిసి చూడండి. వేదిక మీదివారికంటే ముందు ఇంట్లో ఎవరు ఏ పాట చెప్పారో రాసుకోండి. నవ్వు వచ్చిన ఐదు సందర్భాలను ఎంచుకుని, పాట తీసేస్తే అందులో ఎన్ని నిలుస్తాయో చూడండి. తరువాత టీవీ కట్టేసి, ఆ కార్యక్రమంలో ఎన్నడూ వినిపించని పాటను ఒకదాన్ని ఇంట్లోని లేదా వీధిలోని పెద్దవారి చేత పాడించుకోండి. ఎక్కడ, ఏ పని చేస్తూ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. ఆ పాటను నవ్వు చెడకుండా, పాడినవారు చిన్నబోకుండా ఒక క్విజ్ రౌండుగా ఎలా మారుస్తారో రెండు పేజీలలో రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.